నిల్వయంత్రమునకు నిజమైన పరీక్ష

నవాబుపేటలో ఒక కిరాణా దుకాణము కలదనుకొందము. తాండూరు కందిపప్పు అడిగినవారికి దుకాణదారుడు బస్తానుండి తూచి వెంటనే ఇచ్చును. ఎన్నడో ఒకరు అడుగు వస్తువైనచో హైదరాబాదునుండి తెప్పించవలసినదే. మొదటివారు నిమిషములో ఇల్లు చేరుదురు. రెండవవారు మరునాటిదాక వేచియుందురు.

ఇంటర్నెట్టులో ప్రాక్సీ సర్వరు అను యంత్రము చేయు పని ఇట్టిదే. పాఠశాలలోనో కార్యాలయములోనో ఉన్న కంప్యూటర్లకును, ఎక్కడో దూరమందున్న వెబ్ సర్వర్లకును నడుమ అది నిలుచును. ఒకరు కోరిన పుటను తెప్పించి యిచ్చుచు, దాని ప్రతిని తనయొద్ద దాచుకొనును. మరియొకరు అదే పుటను కోరినపుడు దూరమునకు పోక తన నిల్వనుండియే అందించును. కావున దీనిని నిల్వయంత్రమని మేము పిలుచుచున్నాము.

మనదేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ఇంటర్నెట్టును ప్రజలకు అందుబాటులోనికి తెచ్చినది. టెలిఫోను తీగలపై నడచిన ఆ తొలి రోజులలో ఒక్క సన్నని మార్గమును పలువురు పంచుకొనవలసివచ్చినచో నిరీక్షణ తప్పెడిది కాదు. అట్టిచోట నిల్వయంత్రము పెద్ద ఆసరా. 1996లో స్క్విడ్ అను ఉచిత సాఫ్ట్‌వేర్ వెలువడినది. అమ్మకపు యంత్రములును పెక్కు వచ్చినవి. ప్రతి తయారీదారుడును తన యంత్రమే వేగవంతమనును. పరిమితమైన ధనముతో కొనవలసిన పాఠశాల ఎవరి మాట నమ్మవలెను? ఈ ప్రశ్ననుండియే సామర్థ్యపరీక్షలు పుట్టినవి.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జుస్సారా అల్మేడా, పెయి కావ్ అనువారు 1998లో ఒక పరీక్షాపద్ధతిని ప్రకటించిరి. కొన్ని కంప్యూటర్లు వాడుకరులవలె నటించి నిల్వయంత్రమును పుటలు అడుగును. మరికొన్ని దూరపు సర్వర్లవలె నటించి, కావలెనని కొన్ని క్షణములు ఆలస్యము చేసి బదులిచ్చును. నిజమైన ఇంటర్నెట్టులోని జాప్యమునకు ఇది ప్రతిరూపము. రద్దీ హెచ్చినపుడు యంత్రమునకు ప్రధానమైన అడ్డంకి దాని డిస్కేయని వారు కనుగొనిరి. నిల్వ ఎంత పెద్దదైనను, వెదకి తీయు చేయి నెమ్మదిదైనచో వాకిట వరుస పెరుగక మానదు కదా! తరువాత అలెక్స్ రూస్కొవ్, డ్వేన్ వెసెల్స్ అనువారు వెబ్ పాలీగ్రాఫ్ అను సాధనమును రూపొందించిరి. 1999 మొదలుకొని కొన్ని సంవత్సరములు పెక్కు సంస్థల యంత్రములను ఒక్కచోట చేర్చి, ఒకే కొలతతో పరీక్షించిరి.

అయితే కొలత ఒకటైనంత మాత్రమున న్యాయము జరిగినట్లు కాదు. దుకాణమును పరీక్షింప నూరుగురిని పంపి, అందరిచేతను కందిపప్పే అడిగించినచో ఆ దుకాణమునకు సాటిలేదని తేలును. నూరుగురిచేతను నూరు అరుదైన వస్తువులు అడిగించినచో అదే దుకాణము పనికిరానిదగును. దుకాణము మారలేదు, అడిగినవారు మారిరి. పదవ తరగతి ఫలితముల దినమును తలచుకొనుడు. హాల్ టికెట్టు నంబరు అడుగు తొలి పుట అందరికిని ఒక్కటే. దానిని నిల్వనుండి ఇయ్యవచ్చును. కాని మార్కుల పుట ఎవరిది వారిదే. ఆనాటి విద్యార్థి ఆత్రమునకు తొలి పుట వేగము ఏమి తీర్చగలదు?

లెక్కలయందును జాగ్రత్త అవసరము. నూరు కోరికలలో 60 నిల్వనుండి పదవవంతు సెకండులోను, 40 దూరమునుండి 3 సెకండులలోను తీరినవనుకొందము. సగటు 1.26 సెకండు. కాని ఆ 1.26 సెకండు వేచినవాడు ఒక్కడును లేడు! అరువదిమందికి నిరీక్షణయే తెలియదు; నలువదిమందికి దానికి రెట్టింపుకు పైబడి. మరియొకటి: నిల్వలో దొరికిన 60 పుటలు ఒక్కొక్కటి 10 కిలోబైట్లు, దొరకని 40 పుటలు ఒక్కొక్కటి 60 కిలోబైట్లు అయినచో, మొత్తము 3,000 కిలోబైట్లలో నిల్వ అందించినది 600 మాత్రమే. కోరికలలో నూటికి 60. మార్గముపై తగ్గిన బరువులో నూటికి 20. అమ్మువాడు మొదటి అంకెనే చెప్పును. కొనువాడు రెండవదానిని అడుగవలెను.

అట్లే, ఖాళీ డిస్కుతో చేసిన పరీక్ష కొత్తగా తెరచిన దుకాణమును చూచి మెచ్చుకొనుట వంటిది. నిల్వ నిండి, పాతవి తీసి కొత్తవి చేర్చుకొను స్థితిలోనే యంత్రపు శక్తి తెలియును. నిన్నటి పుటను నేటిదిగా అందించు వేగమును వేగమని లెక్కింపరాదు. వాడిన కూర తొందరగా ఇచ్చిన దుకాణదారుని ఎవరు మెచ్చుకొందురు?

నేడు వెబ్ పుటలు పెక్కు రహస్యలిపిలో ప్రయాణించుచున్నవి. నడుమనున్న సాధారణ నిల్వయంత్రము వానిని చదివి దాచుకొనజాలదు. అందుచే పుటలను అందించు సంస్థలే తమ నిల్వలను వాడుకరులకు చేరువగా పలుచోట్ల ఉంచుచున్నవి. యంత్రము చోటు మారినది గాని, పరీక్షకు కావలసిన నీతి మారలేదు.

మీ యింట చేతిఫోనులో వేగపరీక్ష చేసినపుడు ఈ సంగతి తలచుకొనుడు. అట్టి పరీక్ష సాధారణముగా చేరువనున్న సర్వరునే ఎంచుకొని కొలుచును. అంకె ఘనముగా కనబడినను, మీ పిల్లవాని పాఠము తెరపై తిరుగుచునే యుండవచ్చును. అది మీ భ్రమ కాదు. రెండు ప్రశ్నలు వేరు. ఏ అంకె చూపినను, “ఎవరు, ఏమి, ఎక్కడనుండి అడిగినపుడు వచ్చిన అంకె యిది?” అని విచారించుటయే వివేకము. నవాబుపేటలోని పాఠశాలకు కావలసిన యంత్రమును నవాబుపేట పిల్లలు అడుగు పుటలతోనే పరీక్షింపవలెనని మా మనవి.