వెన్నులోని డిస్కులకు ఆహారం ఎలా అందుతుంది?



మా ఖాలాకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరిగింది. మళ్లీ పడతానేమోనన్న భయంతో ఆమె మూడు నెలలు మంచం దిగలేదు. చూడవచ్చిన బంధువులు ప్రేమతో ప్రోటీన్ పొడి డబ్బాలు, గ్లూకోసమైన్ మాత్రలు తెచ్చారు. నడుంనొప్పి మాత్రం పెరుగుతూనే పోయింది. చివరికి వచ్చిన ఫిజియోథెరపిస్టు ఒక్కటే అడిగారు: "రోజుకు ఎన్నిసార్లు లేపి కూర్చోబెడుతున్నారు?" మా దగ్గర జవాబు లేదు.

మన వెన్నుపూసల మధ్య దిండ్లలాంటి 23 డిస్కులు ఉంటాయి. పెద్దవారిలో వీటి లోపలికి రక్తనాళాలు వెళ్లవు. పైనా కిందా ఉన్న ఎముకల నుంచే పోషకాలు మెల్లగా ఊరి లోపలికి చేరాలి. బరువు పడితే డిస్కులోని నీరు కొంత బయటికి పోతుంది, పడుకుంటే తిరిగి చేరుతుంది. అందుకే సాయంత్రం కంటే ఉదయం మనం సుమారు ఒక సెంటీమీటరు పొడవుగా ఉంటాం. కదలిక ఆగిపోతే ఈ రాకపోకలు దెబ్బతింటాయి, వెన్నును నిలబెట్టే కండరాలూ సన్నబడతాయి. డిస్కులు అరగడానికి వయసు, వంశపారంపర్యం, పొగతాగడం కూడా కారణాలే.

మరి మాత్రల సంగతి? నార్వేలో దీర్ఘకాలిక నడుంనొప్పి, వెన్ను అరుగుదల ఉన్న 250 మందిపై జరిపిన పరిశోధన 2010లో వెలువడింది. ఆరు నెలలు గ్లూకోసమైన్ వాడినవారికి, మందులేని ఉత్తుత్తి మాత్ర వాడినవారికి తేడా కనిపించలేదు. విటమిన్ డి, కాల్షియం లోపం ఉంటే ఎముకల కోసం డాక్టరు చెప్పిన మోతాదులో వాడాల్సిందే. కండరాలకు పప్పు, గుడ్డు, పాలు, చేపలు మేలు. కిడ్నీ జబ్బు ఉన్నవారు ప్రోటీన్ పొడి వాడేముందు డాక్టరును అడగాలి. అయితే ఇవేవీ అరిగిన డిస్కును తిరిగి నిర్మించవు.

డాక్టరు అనుమతితో రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రోజుకు కొన్నిసార్లు కూర్చోబెట్టాలి, వీలైతే నాలుగడుగులు వేయించాలి. కాళ్లు మొద్దుబారినా, మలమూత్రాలపై అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మంచాన పడినవారికి సాయం చేయాలనుకున్నప్పుడు డబ్బా కొనేముందు ఒక్క క్షణం ఆలోచించండి. ఒక వాకరు, కొన్ని రోజుల ఫిజియోథెరపీ, పట్టుకుని లేపే ఒక మనిషి వారికి ఎక్కువ ఉపయోగపడవచ్చు. మా ఖాలా ఇప్పుడు వాకరు పట్టుకుని వజూకు తానే వెళ్తున్నారు.