నీరటికి కొత్త ఇంటి నంబరు

రండి బిడ్డా, అరుగు మీద కూసోండి. మన జనగామ బండ్ల నంబర్లు ఎప్పుడన్న చూసిన్రా? ఒకప్పుడు వరంగల్ జిల్లా బండి అంటే ఏపీ 36. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడినంక జనగామకు 27, మానుకోటకు 26, భూపాలపల్లికి 25 వచ్చినయి. అయినా పాత ఏపీ 36 బండి ఇంకా అదే రోడ్డు మీద, కొత్త బండి పక్కనే పోతుంటది. నాకు చూడముచ్చటగ ఉంటది.

కంప్యూటర్లకూ ఇసొంటి నంబర్లే ఉంటయి. ఐపీ అడ్రస్ అంటరు. పాతది ఐపీవీ4. నాలుగు సంఖ్యలు, నడుమ చుక్కలు. అన్నీ కలిపి 429 కోట్లు. చాలా అనిపిస్తది గదా? ఇంటికి నాలుగు ఫోన్లయినయి, 2011 ఫిబ్రవరి వచ్చేసరికి ప్రపంచానికంతా పంచే పెద్ద గుమ్మి ఖాళీ! అందుకే ఐపీవీ6. ఎనిమిది గుంపులు, నడుమ చుక్కలకు బదులు కోలన్లు. ఎన్ని అడ్రసులంటే, ఆ లెక్క రాస్తే 39 అంకెలు.

ఇగ స్విచ్ సంగతి. లైటు స్విచ్ కాదు బిడ్డా, ఆఫీసులల్ల కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె. గణపసముద్రం చెరువు కింద నీరటి ఉంటడు చూడు, ఏ మడికి ఏ తూము తీయాల్నో ఆయనకు ఎరుక. నీళ్లు పంచనీకి ఆయన సొంత ఇంటి నంబరుతోని పనిలేదు. స్విచ్ కూడా అంతే, తీగల నడుమ కబుర్లు పంచనీకి దానికి ఐపీ అడ్రసే అక్కరలేదు. కానీ నీరటిని పిలిచి ‘కాలువ ఎట్లున్నది’ అని అడగాల్నంటే? అప్పుడు ఇల్లు తెలియాలె. స్విచ్ బాగోగులు అడిగే సాఫ్ట్‌వేర్‌కు ఆ అడ్రస్ గావాలె.

ఒక కాలేజీల నా కండ్ల ముందే జరిగింది. స్విచ్‌కు కొత్త ఐపీవీ6 అడ్రస్ ఇచ్చిన్రు. సాఫ్ట్‌వేర్ ‘తప్పు’ అన్నది. ఎందుకనుకున్నరు? అడ్రస్ పక్కన కోలన్ పెట్టి పోర్ట్ నంబరు రాసుడు పాత అలవాటు, అంటే ఆ ఇంట్ల ఏ దర్వాజ కొట్టాల్నో చెప్పుడు. ఇప్పుడు అడ్రసు నిండ కోలన్లే! ఏది ఇల్లో ఏది దర్వాజో దానికి సమజ్ కాలే. ఇంటి నంబరు చుట్టూ చదరపు బ్రాకెట్లు పెట్టి, దర్వాజ నంబరును బయట రాయాలె. గంతే. అక్కడ కూసున్న పిల్లగాడు అట్లనే రాసిండు.

స్విచ్ పలికింది! ఏడో సాకెట్‌ల తీగ పలుకుతలేదని చెప్పింది. పోయి చూస్తే తీగను ఎలుక కొరికింది.