10 లక్షల జల్లెడలు

మా బావగారిని వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు తీసుకువెళ్ళడం యేడాదిగా నా పని. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు వైద్యం తెలియదు. కాని నాలుగేసి గంటలు ఆ మంచం పక్కన కూర్చున్నవాడికి యిరుగుపొరుగు మంచాలవాళ్ళతో మాట కలవకుండా వుంటుందా? "తమకు యిది యెందువల్ల వచ్చిందండీ?" అని అడగడం అలవాటైపోయింది.

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలున్నాయట. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా వడగట్టి, ఒకటి రెండు లీటర్లు తప్ప మిగిలినదంతా తిరిగి రక్తానికే అప్పగిస్తాయి. పొదుపరి యిల్లాలు సుమండీ! సగం జల్లెడలు పాడైనా మిగిలినవి గుట్టుగా సంసారం లాక్కొస్తాయి. అక్కడే వచ్చింది చిక్కు. ఒంట్లో తెలిసేసరికి పుట్టి మునిగిపోయి వుంటుంది.

కిటికీ పక్క మంచం ఒక రిటైరైన తాసీల్దారుగారిది. పాతికేళ్ళ చక్కెర జబ్బు. బాగానే వున్నాను గదా అని మధ్యమధ్య మందులు మానేసేవారట. మన దేశంలో యెక్కువమందికి మూలం యీ మధుమేహమే. రక్తపుపోటు దాని వెనకనే వుంది. పోటు మూత్రపిండాన్ని చెరుపుతుంది, చెడిన మూత్రపిండం పోటును పెంచుతుంది. యేది ముందో డాక్టర్లకే ఒక్కోసారి తేలదు. ఒకావిడకు తండ్రినుంచి సంక్రమించిన నీటితిత్తుల జబ్బు.

ఉద్దానం నుంచి వచ్చిన కొబ్బరిరైతుకు మాత్రం చక్కెరా లేదు, మొదట్లో పోటూ లేదు. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట ప్రాంతాల్లో యిలాంటివారు యెందరో. నీళ్ళన్నారు, యెండలో చాకిరీ అన్నారు, పురుగుమందులన్నారు. యిదీ అని యింతవరకు తేలలేదు. పలాసలో 2023లో పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభించారు. "కారణం తెలిస్తే మా పిల్లలైనా..." అని ఆయన ఆగిపోయాడు.

ఇక మా బావగారు. పోటు వుండనే వుంది. దానికి తోడు మోకాళ్ళ నొప్పికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్రలు, చీటీ లేకుండా, యేళ్ళ తరబడి. డాక్టరుగారు ఆ మాత్రల పేరు వినగానే తల పంకించారు. వాటిని చాలాసార్లు కొని తెచ్చిపెట్టింది నేనే. మా అక్కయ్య యీ సంగతి యెరగదు. బావగారు యెరుగుదురు. ఒక్కనాడూ నన్నొక మాట అనలేదు.

మొన్న నర్సమ్మ, ఖాళీగా వున్నాను గదా అని నా చేతికీ పట్టీ చుట్టింది. 160, 100. నాకు 46 యేళ్ళు. తలనొప్పి కూడా యెరగను. బావగారు మంచంమీంచే చూసి, "యేమోయ్, రేపే మూత్రం, రక్తం పరీక్షకివ్వు. అల్బుమిన్, క్రియాటినిన్ చూడమను" అన్నారు.

ఇచ్చాను. కాగితం శనివారం చేతికొస్తుంది. అదీ ఆయన డయాలిసిస్ రోజే.