డబ్బాను తిట్టకండి... తీగను చూడండి!

“టీచర్, మీరు కనిపిస్తలేరు!”

“టీచర్, మాట ఇనిపిస్తలేదు!”

2020 ఆగస్టు నెలంతా పొద్దున పది గంటలకు మా ఇంట్లో వినిపించిన సుప్రభాతం ఇదే. కరీంనగర్‌లో ఓ ప్రైవేటు బడిలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. కరోనాతో బడి మూతపడింది. ఆన్‌లైన్‌లో ఎన్ని క్లాసులు పూర్తి చేస్తే అన్నిటికే జీతం అన్నది యాజమాన్యం. సగంలో ఆగిపోయిన క్లాసు లెక్కలోకి రాదు. ఆ నెల నావి పదకొండు క్లాసులు అలా గాలికి పోయాయి. కడుపు మండదా, మీరే చెప్పండి!

నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. మోడెం స్విచ్ ఆపడం, వేయడం. ఒక్కో క్లాసుకు రెండు మూడుసార్లు ఆ పనే. రాత్రి పడుకునే ముందు కూడా దాన్ని ఆపేసేదాన్ని. ఆ డబ్బా రోజంతా వెలిగితే నెలకు ఏడు యూనిట్ల దాకా కరెంటు కాలుతుంది. జీతమే సరిగ్గా రాని రోజుల్లో అది కూడా ఎందుకు దండగ అనుకునేదాన్ని. ఆ పొదుపే నా కొంప ముంచుతోందని నాకప్పుడు తెలియదు.

రెండుసార్లు ఫిర్యాదు చేశాక ఓ నడివయసు లైన్‌మన్ వచ్చాడు. మోడెం వంక చూడకముందే ఒక ప్రశ్న వేశాడు.

“టీచర్, గీ డబ్బ దినానికి ఎన్నిసార్లు బందు చేస్తరు?”

“ఆరేడుసార్లు చేస్తనేమో అన్నా. ఎందుకు?”

“గందుకే మరి. అది కుదురుకునుడే లేదు. మీరు దాన్ని కుదురుకోనిస్తలేరు.”

తర్వాత ఇల్లంతా తిరిగి చూశాడు. కిటికీ అంచున టెలిఫోను తీగకు ఒక అతుకు. ఎప్పుడో మా ఆయనే చేత్తో మెలిపెట్టి టేపు చుట్టింది. టేపు విప్పితే రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. వాన చినుకు నేరుగా దాని మీదే పడుతోంది. మా అత్తమ్మ గదిలోని రెండో ఫోనుకు స్ప్లిట్టర్ కూడా లేదు. మాట వెళ్లే దారినీ ఇంటర్నెట్ వెళ్లే దారినీ విడదీసేది ఆ చిన్న డబ్బీయే. అది లేకపోతే ఫోను మోగిన ప్రతిసారీ ఆ రొద ఇంటర్నెట్ దారిలోకి దూరుతుంది. నేను కంపెనీని తిట్టుకుంటూ కూర్చున్నాను గానీ దొంగలు ఇంట్లోనే ఉన్నారు!

రవిక కుట్టు లాంటిదే!

అతుకు కోసి కొత్తగా వేస్తూ అతను చెప్పిన సంగతులు, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవి కలిపి మీకూ చెబుతాను.

మోడెం వెలగ్గానే అది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోని యంత్రంతో ముందుగా ఓ ఒప్పందం చేసుకుంటుంది. రాగి తీగ మనకు ఒక్కటిగా కనిపిస్తుంది కానీ, ఏడీఎస్‌ఎల్ రెండు ప్లస్ అనే పద్ధతిలో దాన్ని 512 సన్నని దారులుగా విడగొడతారు. ఏ దారిలో రొద తక్కువగా ఉందో, ఎందులో ఎక్కువగా ఉందో రెండు యంత్రాలూ కొలుస్తాయి. నిశ్శబ్దంగా ఉన్న దారికి ఎక్కువ బరువు, గోలగా ఉన్న దారికి తక్కువ బరువు ఎత్తుతాయి. ఒక్కో దారి మహా అయితే 15 బిట్లు మోస్తుంది. అన్నీ కలిపితే మన స్పీడు.

అయితే మోయగలిగినంతా ఎత్తకూడదు. రవిక కుట్టేటప్పుడు లోపల కాస్త బట్ట వదులుతాం కదా! ఒంటికి అతికినట్టు కుడితే చెయ్యి ఎత్తగానే పిగిలిపోతుంది. లైనుకూ అలాగే కొంత మార్జిన్ వదులుతారు. సాధారణంగా అది 6 డెసిబెల్స్. రొద కొంచెం పెరిగినా లైను తెగిపోకుండా ఆ మార్జినే కాస్తుంది. ఇంకో 3 డెసిబెల్స్ పెంచితే ఒక్కో దారి మోసే బరువు సుమారు ఒక బిట్టు తగ్గుతుంది. అంటే స్పీడు తగ్గుతుంది, నిలకడ పెరుగుతుంది.

ఇంకో ఉపాయమూ ఉంది. ఒకే నోటుపుస్తకం పేజీలన్నీ ఒకే సంచిలో పెట్టి పంపితే, ఆ సంచి తడిస్తే పుస్తకం మొత్తం పోతుంది. పది పుస్తకాల పేజీలను పది సంచుల్లో కలగలిపి పంపితే, ఒక సంచి తడిసినా ఒక్కో పుస్తకంలో పోయేది కొద్దిగానే. మిగతా పేజీలను బట్టి ఆ కొద్దిదీ మళ్లీ రాసుకోవచ్చు. లైనులో చేసే ఈ పనిని ఇంటర్‌లీవింగ్ అంటారు. దీనివల్ల తప్పులు తగ్గుతాయి గానీ సంచులన్నీ వచ్చేదాకా ఆగాలి కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది.

మా లైన్‌మన్ ఎక్స్ఛేంజికి ఫోను చేసి, “గా లైనుకు స్పీడు జెర తగ్గించి పెట్టుండ్రి” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. స్పీడు లేకనే ఏడుస్తుంటే ఇంకా తగ్గించడమా!

“వారం దినాలు ముట్టుకోకుండ్రి టీచర్. అటెన్క మాట్లాడుదాం” అని నవ్వి వెళ్లిపోయాడు.

అంతకుముందు 8 మెగాబిట్లు చూపించే లైను 4కు దిగింది. కానీ తెగలేదు. ఆ వారం ఒక్క క్లాసూ ఆగలేదు! వీడియో క్లాసుకు 4 ధారాళంగా సరిపోతాయి. క్లాసు చెప్పేవాళ్లకు అసలు ఇబ్బంది మన వైపు నుంచి వెళ్లే దారిలో ఉంటుందట. ఏడీఎస్‌ఎల్‌లో వచ్చే దారి వెడల్పు, పోయే దారి ఇరుకు. పోయేది ఒక మెగాబిట్‌కు అటూ ఇటూ. నేను పాఠం చెబుతున్నప్పుడే మా అమ్మాయి ఫోనులోని ఫొటోలు వాటంతటవే ఎక్కుతుంటే నా బొమ్మ బిగుసుకుపోక ఏం చేస్తుంది?

మనిషి చేసేది యంత్రం చేస్తే...

అతను ఫోను చేసి చేయించిన పనినే కొన్ని దేశాల్లో కంప్యూటరు తనంతట తాను చేస్తుంది. దాని పేరు డైనమిక్ లైన్ మేనేజ్‌మెంట్. బ్రిటన్‌లో బ్రిటిష్ టెలికాం 2006లో 8 మెగాబిట్ల దాకా ఇచ్చే కొత్త సర్వీసు తెచ్చినప్పుడు మొదటి 10 రోజులను పరీక్షా కాలంగా పెట్టింది. లైను ఎన్నిసార్లు తెగింది, ఎన్ని తప్పులు వచ్చాయి అన్నది కంప్యూటరు లెక్క రాసుకుంటుంది. తెగుతూ ఉంటే మార్జిన్ పెంచుతుంది, ఇంటర్‌లీవింగ్ పెడుతుంది, స్పీడుకు కళ్లెం వేస్తుంది. రోజుల తరబడి నిలకడగా ఉంటేనే కళ్లెం వదులు చేస్తుంది. దించేటప్పుడు గబుక్కున దించుతుంది, ఎక్కించేటప్పుడు ఆచి తూచి ఎక్కిస్తుంది. ఇలాంటి లైన్ల నిర్వహణ కోసమే, డీఎస్‌ఎల్ పితామహుడని పేరున్న స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ సియోఫీ 2003లో ఒక కంపెనీనే పెట్టారు.

ఇలాంటి కంప్యూటరు కాపలా ఉన్న చోట మాటిమాటికీ స్విచ్ ఆపితే, లైనే తెగిపోతోందని అది పొరబడే ప్రమాదం ఉంది. కాపలా లేని చోటా నష్టమే. స్విచ్ వేసిన ప్రతిసారీ ఒప్పందం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఆ క్షణంలో రొద ఎక్కువగా ఉంటే తక్కువ స్పీడుకే ఒప్పందం కుదురుతుంది. పాతకాలం మీడియం వేవ్ రేడియో గుర్తుందా? రాత్రయ్యేసరికి ఎక్కడెక్కడి స్టేషన్లో వచ్చి కలిసిపోయేవి. ఆ తరంగాలు ఏడీఎస్‌ఎల్ దారుల్లోకీ దూరుతాయి. అందుకే పగలు కుదిరిన ఒప్పందం ఒకలా, రాత్రి కుదిరింది మరోలా ఉంటుంది.

ఆదిలాబాద్‌లో మరో కథ

మరుసటి ఏడాది వానాకాలంలో ఆదిలాబాద్‌లోని మా అక్క ఇంటికి వెళ్లాను. మావల వైపు కొత్త కాలనీ వాళ్లది. బావ జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. కొడుకు బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థి, అప్పుడు ఇంటి నుంచే చదువుతున్నాడు. తీగ కనెక్షన్ తీసుకుందామంటే ఎక్స్ఛేంజి చాలా దూరం. రాగి తీగది కాలువ నీటి తీరు. తూము దగ్గరి పొలానికి పారినట్టు చివరి పొలానికి పారదు. ఎక్స్ఛేంజి పక్కనే ఉంటే 24 మెగాబిట్ల దాకా వచ్చే లైను, ఐదు కిలోమీటర్లు దాటితే ఒకటో రెండో ఇవ్వడమే గగనం. ఇంట్లో ఎంత మంచి మోడెం పెట్టినా ఈ దూరం తగ్గదు.

అందుకని పిల్లాడు సెల్‌ఫోన్ 4జీ మీదే చదువు నెట్టుకొస్తున్నాడు. “పిన్నీ, పొద్దుగాల మంచిగనే వస్తది. రాత్రి ఎనిమిదైతే సాలు, నత్తలెక్క నడుస్తది” అన్నాడు.

సెల్‌ఫోనుకూ టవరుకూ మధ్య కూడా ఇలాంటి ఒప్పందమే నడుస్తుంది. అయితే రోజుకోసారి కాదు, సెకనులో వెయ్యోవంతు లెక్కన! గోడ అడ్డొచ్చినా, వాన పడినా, మనం నాలుగడుగులు జరిగినా మారుతుంది. వాడిని కిటికీ దగ్గర కూర్చోబెడితే పగటి క్లాసు బాగుపడింది. రాత్రి సంగతి మాత్రం మారలేదు. ఎందుకంటే అది లైను జబ్బు కాదు, రద్దీ జబ్బు. ఒకే టవరును ఊరంతా పంచుకునే వేళ అది. కాబట్టి పాఠాల వీడియోలు తెల్లవారుజామున దింపుకోమని చెప్పాను. అక్క వాణ్ని నాలుగింటికే లేపడం మొదలుపెట్టింది. దానికి మాత్రం వాడు నన్ను ఇప్పటికీ క్షమించలేదు!

తెగిపోవడం వేరు, నెమ్మదించడం వేరు. ఈ తేడా తెలియకే మనం ఫిర్యాదు ఒకటి చెబితే వాళ్లు వైద్యం మరొకటి చేస్తారు.

ఇప్పుడు వెలుగు తీగ

2004 నాటి కేంద్ర ప్రభుత్వ విధానంలో 256 కిలోబిట్లు వస్తే చాలు, బ్రాడ్‌బ్యాండే. 2013లో అది 512 అయింది, 2023లో 2 మెగాబిట్లు అయింది. మా వీధిలోకి 2022లో ఫైబర్ వచ్చింది. ఇది గాజు తీగ. చిలుము పట్టదు, రేడియో రొద అంటదు. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే ఒక తీగను 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. మన వైపు నుంచి పంపాల్సినవాటికి ఏ ఇంటికి ఎప్పుడు సందివ్వాలన్నది అక్కడి యంత్రం సెకనుకు 8 వేల సార్లు లెక్కగట్టి చెబుతుంది. పంతిలో వడ్డించే పెద్దమనిషిలా, ఆకు ఖాళీ అయిన చోటే వడ్డిస్తుందన్నమాట. ఇక్కడ మన స్పీడును నిర్ణయించేది తీగ కాదు, మనం కట్టే ప్లాను. అప్పటికీ నెమ్మదిగా ఉంటే ముందుగా చూడాల్సింది ఇంట్లోని వైఫైనే. నాలుగు గోడలు దాటేసరికి అది కూడా తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది.

మా అత్తమ్మకు ఇవేవీ అక్కర్లేదు. ఎవరైనా ఆ స్విచ్ మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకోదు. “ముట్టకు బిడ్డా, అది కుదురుకుంటాంది” అంటుంది.

ఇవి గుర్తుంచుకోండి

• మోడెంను రాత్రిళ్లు ఆపకండి. ఉరుములు, పిడుగులు ఉన్నప్పుడు మాత్రం కరెంటు ప్లగ్గు, టెలిఫోను తీగ రెండూ తీసేయండి. ఎప్పుడో ఒకసారి ఆపితే నష్టమేమీ లేదు.

• లైను తెగిన తేదీ, టైము క్యాలెండరు మీద రాసి పెట్టండి. వాన పడినప్పుడే తెగుతుంటే అతుకుల్ని అనుమానించండి.

• రాగి లైనుకు ఎన్ని ఫోన్లు ఉన్నా ఏదీ స్ప్లిట్టర్ లేకుండా ఉండకూడదు.

• ఫిర్యాదు చేసేటప్పుడు “పని చేస్తలేదు” అని ఊరుకోకండి. తెగుతోందా, నెమ్మదిగా ఉందా, ఏ వేళలో అన్నది చెప్పండి. తెగుతుంటే స్పీడు తగ్గించి నిలకడగా పెట్టమని అడగండి.

• క్లాసు, ఇంటర్వ్యూ ఉన్న గంట సేపు మిగతా ఫోన్లలో ఫొటోలు ఎక్కడం ఆపించండి. అయినా తడబడితే వీడియో ఆపి మాటతో కొనసాగించండి.

• ఫైబర్ తీగను మేకుకు చుట్టడం, తలుపు సందులో మడవడం వద్దు. డబ్బా మీద ఎర్ర దీపం వెలిగితే వెలుగు అందడం లేదని అర్థం. స్విచ్ ఆపి వేస్తే అది బాగుపడదు, ఫోను చేయాల్సిందే.