గోదావరి వెంట – అడవి నుండి కడలికి

సెలవులు రాగానే యాత్రికుల మనస్సు కోనసీమ కొబ్బరితోటలకు, అంతర్వేది సాగరసంగమానికి పరుగులు తీస్తుంది. ఆ సీమను పెంచిన గోదావరిని ఎరుగగోరేవారు మణుగూరు అడవుల నుండి బయలుదేరడం మేలు.

బొగ్గుగనుల మణుగూరు దాటితే ఎడమగట్టున పర్ణశాల; దిగువన 17వ శతాబ్దిలో కంచర్ల గోపన్న కట్టించిన భద్రాద్రి కోవెల. ఆపైన పాపికొండల నడుమ ఇరుకుదారిన సాగిన నది, 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన ధవళేశ్వరం వద్ద పాయలుగా చీలి కడలిని చేరుతుంది.

అయితే పోలవరం జలాశయం మూలంగా పాపికొండల లోయలోని కోయలు, కొండరెడ్లు అనేకులు తాతలనాటి పల్లెలను విడువవలసి వచ్చింది. కొండల సొగసును చూపే ఉపాధ్యాయుడు ఆ పల్లెల పేర్లను కూడ విద్యార్థులచేత వ్రాయించాలి. నీట మునిగిన ఊళ్లు పసిమనస్సులలోనైనా నిలవాలి.