కంభము చరిత్ర - దైవశాస్త్ర గ్రంథాలయములు

కంభము అమెరికన్ బాప్టిస్టు మిషను కేంద్రములలో నొకటి. దాని చరిత్ర నరయువారు దైవశాస్త్ర కళాశాలల గ్రంథాలయములను విడువరాదని మా అభిప్రాయము. 1872లో స్థాపితమైన రామాయపట్నము సెమినరీ, 1964లో రాజమండ్రిలో వెలసి 1973లో హైదరాబాదు చేరిన ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల ఇట్టి విద్యాస్థానములు. శాఖాధ్యక్షుని పరిచయలేఖతో పోవుట మేలు. డ్యూయీ వర్గీకరణము ననుసరించు గ్రంథాలయములలో మిషనుల సంఖ్య 266. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువఱకు కంభము కర్నూలు జిల్లాలోనిది; కావున సూచికలలో కర్నూలు పేరును గూడ వెదకవలెను.

మిషను నివేదికలు దాతల నుద్దేశించి వ్రాసినవి. 1876-78 క్షామమును గూర్చిన వాని మాటలను ప్రభుత్వ నివేదికలతో సరిచూడుడని కోరుచున్నాము. అన్యత్ర కానరాని దళితుల జీవితము వానిలో కొంత చిక్కును. అదియు పరుల కలమున చిక్కినదే యని మఱువరాదు.