నడుము నొప్పికి లాగుడు యంత్రం - డబ్బు కట్టే ముందు తెలుసుకోవలసినవి

గత వేసవిలో మేము ఒక సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు పాలకవర్గం ముందు ఒక సభ్యుని అర్జీ ఉన్నది. ఆయన ఇరవై ఏళ్ళుగా సంఘంలో పాల కేన్లు ఎత్తి వాహనానికి అందిస్తున్నారు. నడుము పట్టివేసి, నొప్పి ఎడమకాలిలోకి దిగింది. పట్నంలో ఒక వైద్యశాల వారు ఆపరేషను లేకుండా యంత్రంతో వెన్నును సాగదీసి డిస్కును లోపలికి పంపుతామన్నారట. దానికయ్యే ఖర్చు ఆయన ఆరు నెలల పాల బిల్లు. సంఘం అడ్వాన్సు ఇస్తుందా, లేక పాలిచ్చే గేదెను అమ్ముకోవాలా అన్నది ఆయన ప్రశ్న.

ఇటువంటి ప్రశ్నలు ఇతర సంఘాలలోనూ మాకు ఎదురైనవి. కనుక వైద్యులను అడిగి, చదివి తెలుసుకున్న సంగతులను సభ్యుల ముందుంచుతున్నాము.

వెన్నులో జరిగేదేమిటి?

మెడలో 7, వీపులో 12, నడుములో 5, మొత్తం 24 కదిలే వెన్నుపూసలున్నాయి. వాటి మధ్య మెత్తలవలె డిస్కులుంటాయి. డిస్కు వెలుపలి భాగం ట్రాక్టరు టైరువలె పొరలు పొరలుగా గట్టిగా ఉంటుంది. లోపల మెత్తని గుజ్జు ఉంటుంది. పొర చిట్లి గుజ్జు ఉబికి నరాన్ని నొక్కితే తుంటి నుండి పాదం వరకు నొప్పి లాగుతుంది. దీనినే సయాటికా అంటారు.

స్వీడన్ వైద్యుడు నాచెంసన్ డిస్కులోని ఒత్తిడిని సూదితో కొలిచి చూశారు. నిలుచున్నప్పటికంటె, ముందుకు వంగి 20 కిలోల బరువు పట్టినప్పుడు ఒత్తిడి రెట్టింపు దాటింది. వెల్లకిల పడుకున్నప్పుడు నాల్గవ వంతుకు తగ్గింది. మన 40 లీటర్ల కేనులో పాల బరువే 41 కిలోలు!

యంత్రం ఏమి చేస్తుంది?

వెన్నును లాగే పద్ధతి గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు నాటిది. నేటి యంత్రంలో రోగిని బల్లపై పడుకోబెట్టి ఛాతీకి, నడుముకు పట్టీలు కడతారు. మోటారు కొంతసేపు లాగి, కొంతసేపు వదులుతుంది. ఒక్కొక్క దఫా అరగంట, ముప్పావుగంట ఉంటుంది. ఇరవై లేక అంతకు మించి దఫాలు చెబుతారు.

లాగినప్పుడు డిస్కులో ఒత్తిడి తగ్గుతుందని 1994లో కొద్దిమంది రోగులలో కొలిచి చూపారు. కాని ఒత్తిడి తగ్గడం వేరు, నొప్పి తగ్గడం వేరు. పాలు చిక్కగా కనిపించాయని మనం ధర కట్టము. వెన్నశాతం పరీక్షించి కడతాము. వైద్యానికీ అటువంటి పరీక్ష కావాలి.

2013లో 32 పరిశోధనలను, అందులోని 2,762 మంది రోగుల ఫలితాలను కలిపి కాక్రేన్ సంస్థ సమీక్షించింది. నడుము నొప్పికి, సయాటికాకు వెన్ను లాగుడు వలన నొప్పిలో గాని, పని చేసుకొనే శక్తిలో గాని చెప్పుకోదగిన మేలు కనబడలేదు. 2016లో బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ దీనిని ఇవ్వవద్దన్నది. దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇది తగదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ సూచించింది. మెడ విషయంలో ఫలితాలు ఒకే తీరుగా లేవు. చేతిలోకి దిగే నొప్పికి వ్యాయామంతో పాటు లాగితే కొందరికి కొంత ఉపశమనం కలిగింది. రిజిస్టర్లపై వంగి వంగి మాకు వచ్చిన మెడ నొప్పికి మేమూ లాగించుకున్నాము. హాయి సాయంత్రం వరకే నిలిచింది.

ఎముకలు గుల్లబారిన వృద్ధులు, గర్భిణులు, వెన్ను విరిగినవారు, వెన్నులో చీము లేక కాన్సరు ఉన్నవారు దీని జోలికి పోరాదు.

మరి దారి ఏమిటి?

డిస్కు నొప్పి చాలామందికి ఆరు నుండి పన్నెండు వారాలలో తనంతట తగ్గుముఖం పడుతుంది. ఉబికిన గుజ్జును శరీరమే క్రమంగా కరిగించుకోగలదు. రోజుల తరబడి మంచం పట్టరాదు. ఓర్చుకోగలిగినంత నడవాలి. వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకోవాలి.

అయితే ఈ క్రింది లక్షణాలుంటే ఆలస్యం చేయరాదు:

1. మూత్రం బిగబట్టడం, మలమూత్రాలు అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాలిలో బలం తగ్గిపోవడం. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

2. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడంతో కూడిన నడుము నొప్పి. ఇది వెన్ను క్షయ కావచ్చు. పాడి రైతులకైతే బ్రూసెల్లోసిస్ కూడ కావచ్చు. ఈడుసుకుపోయిన పశువు మావిని వట్టి చేతులతో తీసినా, పచ్చిపాలు త్రాగినా ఈ వ్యాధి సోకవచ్చు. దీనికి మందులున్నాయి, యంత్రంతో పోదు. పాలు కాచి త్రాగండి. 4 నుండి 8 నెలల పెయ్యలకు టీకా వేయించండి.

సంఘాలు చేయవలసినది

నిండు కేనును ఒక్కరే ఎత్తరాదు. ఇద్దరు, మోకాళ్ళు వంచి, కేనును ఒంటికి దగ్గరగా పట్టి, నడుము మెలితిప్పకుండా ఎత్తాలి. వాహనం ఎత్తుకు సరిపడే అరుగు కట్టిస్తే ఎత్తే పనే తగ్గుతుంది. పచ్చిగడ్డి మోపును రెండుగా చేసి మోస్తే మన అక్కచెల్లెళ్ళ మెడకు మేలు.

ఇక ఆ సభ్యుని సంగతి. మేము అడ్వాన్సు వద్దనలేదు. అది పాలకవర్గం నిర్ణయం. ముందు ప్రభుత్వాసుపత్రిలో ఎముకల వైద్యునికి చూపించమన్నాము. ఆయన వ్యాయామాలు చేసి మూడవ నెలలో తిరిగి పనిలోకి వచ్చారు. ఒక్కరి అనుభవం రుజువు కాదని మాకు తెలుసు. కాని గేదె కొట్టంలోనే ఉన్నది. సంఘం ముందు అరుగు కూడ లేచింది.